అద్దంలా మెరిసే మొద్దు కత్తి

హనుమకొండ, కాజీపేట అపార్ట్‌మెంట్లలో మంగలికత్తి నూరుట అనే మహాశాస్త్రం వర్ధిల్లుతోందని సవినయంగా మనవి. ఈ శాస్త్రంలో ప్రధాన పరికరం ఫోను స్టాండు. రెండోది జపాన్ నుంచి తెప్పించిన 12000 గ్రిట్ రాయి. గ్రిట్ అంటే రాయి నలుసు నంబరు, అది పెరిగేకొద్దీ రాయి నునుపు. 1000 గ్రిట్ రాయి మాత్రం ఉండదు. అది గరుకు, ఫొటోకు పనికిరాదు.

ఆదివారం హాల్లో ప్రయోగం. రాయి మీద నీళ్లు చిలకరిస్తారు, వీడియో కోసం మళ్లీ చిలకరిస్తారు. గంటసేపు రుద్ది, కత్తిని కిటికీ వెలుగులో తిప్పి, "అద్దం!" అంటారు. "ఏందిరా పొద్దుగాల్నుంచి రుద్దుతున్నవ్, ఆ రాయి నాకియ్యరాదు, కత్తిపీట తెగుతలేదు" అని తల్లి అడిగితే శాస్త్రానికి అవమానం. తర్వాత చెంప మీద పెడతారు. వెంట్రుక వంగుతుంది, తెగదు. తప్పు నురగది. కాదు, బోరు నీళ్లది. చివరికి తేలేదేమంటే, చెంపే సరిగా లేదు.

మెరిసేది వాలు భుజం, అంటే వెన్ను వైపున్న వాలు పైభాగం. వాదర దాకా, అంటే కోసే అంచు దాకా, రాయి చేరనే లేదు. బెవెల్ అంటే ఈ వాలే; అది కుదరడమంటే రెండు పక్కల వాలులూ ఒకే గీత మీద కలవడం, మడమ (పిడి వైపు చివర) నుంచి కొన దాకా. కోణం కొలిచే పాండిత్యమూ అక్కర్లేదు. కత్తిని పడుకోబెడితే వెన్నూ వాదరా రెండూ రాయిని తాకుతాయి, వెన్ను మందమే 16, 17 డిగ్రీల దగ్గర కోణం కుదురుస్తుంది. మనిషి చేయాల్సిందల్లా వేళ్లతో ఒకేచోట నొక్కకుండా ఉండటం. అదొక్కటే చేతకాదు. మడమ దగ్గర నొక్కితే అక్కడ వాలు వెడల్పవుతుంది, కొన దగ్గర దారంలా మిగులుతుంది.

రాయి నడుమ గుంటపడినా ఇదే గతి. గాజుపలక మీద 400 నంబరు వాటర్ పేపర్ పరిచి, రాయికి పెన్సిల్ గళ్లు గీసి, అవన్నీ చెరిగేదాకా రుద్దాలి. ఆ తర్వాత వాలుకు మార్కర్ పూసి 1000 మీద వాదర ముందుగా పది సార్లు నడపాలి. సిరా మిగిలినచోట రాయి తాకలేదు. తిప్పేటప్పుడు వెన్ను మీద తిప్పాలి. రాయి వెడల్పుకన్నా కత్తి పొడవైతే ఏటవాలుగా, మడమ నుంచి కొనకు లాగాలి. 1000 మీదే ముంజేతి వెంట్రుకలు అంచు పొడవునా తెగాలి. తెగకపోతే 4000, 8000 జోలికి పోవద్దు. పాతకత్తి వెన్ను అరిగి వాలు వెడల్పు కాస్త అటూ ఇటూ కనిపిస్తే కంగారక్కర్లేదు, అది అందం సంగతి.

బెంచ్ గ్రైండర్‌కు పెట్టే మహానుభావులూ ఉన్నారు. అంచు నీలం తిరిగిందంటే వేడి దాదాపు 300 డిగ్రీలకు చేరినట్టే. ఉక్కు పస పోయింది. ఆ నీలం భాగమంతా అరగదీస్తే తప్ప ఏ రాయీ పదును నిలపలేదు.

అసలు మంట ఇది కాదు. పొదిలో ఒక్క రాయి పెట్టుకుని ఇంటింటికీ తిరిగి ఈ పని చేసినవాణ్ని మీ తాతలు గడప దాటనిచ్చారా? ఏడాది చాకిరికి ఇన్ని వడ్లు కొలిచి, కులం పేరునే తిట్టు చేశారు. ఇవాళ మీరు చేస్తే హాబీ, హెరిటేజ్! రోగాల భయంతో సెలూన్లకు సగం బ్లేడు కత్తులొచ్చి ఆ విద్య చాలా ఇళ్లలో ఆగిపోయింది. ఇంకా చేతిలో ఉన్న ముసలాయన మీ వీధి చివరే ఉంటాడు. ఆయన్ను అడగడానికి నామోషీ, వీడియోకు సిగ్గు లేదు.

ఇక రాయి తర్వాత కత్తిని రుద్దే తోలు పటకా. దాని మీద వెన్ను ముందు నడవాలి, వాదర వెనక. మన శాస్త్రజ్ఞులు ఇక్కడా వాదరనే ముందు తోస్తారు, పటకా తెగుతుంది. పొద్దుటి నుంచి ఆ కత్తికి తెగింది అదొక్కటే. వీడియో పెట్టండి.