సేఫ్ డేస్ సిద్ధాంతులకి ఒక విన్నపం

మన బెజవాడలో సైంటిస్టులకి కొదవ లేదండి. ఏ టీకొట్టు దగ్గరైనా పెళ్ళైన మగాళ్ళని నలుగుర్ని కదిపితే చాలు, సేఫ్ డేస్ లెక్క, అంటే కలిసినా కడుపు రాని రోజుల లెక్క, నోటికి అప్పజెప్పేస్తారు, డేట్ వచ్చిన రోజు నుంచి లెక్కపెట్టు బావా, పద్నాలుగో రోజు ఒక్కటే డేంజరు, మిగతావన్నీ మనవే అని. ఇంత విజ్ఞానం ఊళ్ళో ఉండగా కాన్పుల హాస్పిటళ్ళు ఎందుకు కిటకిటలాడుతున్నాయో ప్రభుత్వం అర్జెంటుగా కమిటీ వేసి తేల్చాలి.

కమిటీ దాకా ఎందుకులెండి. 14 అనే అంకె ఉన్నమాట నిజమే, కాకపోతే అది వెనక నుంచి లెక్క, అంటే రాబోయే పీరియడ్‌కి సుమారు 14 రోజుల ముందు అండం విడుదలవుద్ది. 28 రోజులకి టంచనుగా వచ్చేవాళ్ళకి ఎటు నుంచి లెక్కపెట్టినా ఒకటే, 35 రోజులకి వచ్చే ఆవిడకి మాత్రం అది 21వ రోజు దగ్గరకి పోద్ది, 24 రోజులావిడకి పదో రోజుకే వచ్చేస్తది. పైగా టెన్షన్ పడినా, ఒంట్లో బాగోకపోయినా అటూ ఇటూ అవుద్ది. గ్రహణం ఎన్నింటికి పడుతుందో ఏడాది ముందే రాసే పంచాంగకర్తలే దీని జోలికి పోలేదు మరి.

అండం బతికేది 12 నుంచి 24 గంటలే. వీర్యకణాలు అలా కాదు, పండక్కొచ్చిన కొత్తల్లుడిలా 5 రోజుల దాకా లోపలే తిష్ట వేయగలవు. అంటే డేంజరు ఒక్క రోజు కాదు, సుమారు 6 రోజులు, అవెప్పుడు మొదలవుతాయో అండానికి తప్ప ఎవరికీ తెలీదు.

బండి కొనాలంటే వర్జ్యం, దుర్ముహూర్తం చూసే పెద్దమనిషే దీనికి మాత్రం ఏదీ చూడడు. వన్‌టౌన్‌లో తెలిసినవాళ్ళు చూస్తారని కండోమ్ ప్యాకెట్ కోసం పటమట దాకా పోయి, మెడికల్ షాపులో ఆడవాళ్ళు కనపడగానే దగ్గు మందు కొనుక్కుని వచ్చేస్తాడు. ఇక మర్నాటి నుంచి ఇంట్లో ఆవిడకి బొప్పాయి, నువ్వులుండల కోర్సు, వాటివల్ల ఏమీ ఆగదు. ఎమర్జెన్సీ మాత్ర ఉంది, కలిసిన 72 గంటల్లోపు, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది, అయితే అది అండాన్ని వాయిదా వేసే మాత్ర కాబట్టి అండం అప్పటికే వచ్చేసుంటే దాని మీద పెద్ద నమ్మకం పెట్టుకోకూడదు. గర్భసంచిలో పెట్టే కాపర్ టీ 5 రోజుల్లోపు డాక్టర్ దగ్గర పెట్టించుకుంటే ఇంకా బాగా పనిచేస్తది. ఇవన్నీ టీకొట్టు సిలబస్‌లో లేవు.

కాబట్టి అధికారులకి నా విన్నపం ఏంటంటే, ఇకమీదట సేఫ్ డేస్ లెక్క చెప్పే ప్రతి బావా వంద రూపాయల స్టాంపు పేపరు మీద సంతకం పెట్టాలి, తేడా వస్తే పుట్టిన పిల్లాడి ఫీజులో సగం ఇంటర్ దాకా తనే కడతానని. బెజవాడలో ఇంటర్ ఫీజు ఎంతో ఆయనకీ తెలుసు.