అద్దాన్ని ఆక్రమించిన పాచి గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పగడపు పాచి గారి దివ్యసముఖమునకు,

విజయవాడ సత్యనారాయణపురం నుంచి ఒక ఉప్పునీటి అక్వేరియం యజమాని సవినయంగా వ్రాయు విన్నపం. ఉభయకుశలోపరి. తమ కుశలం విడిగా అడగనక్కరలేదు. మా హాల్లో అడుగుపెట్టిన చుట్టాలకు చేపలకంటే ముందుగా అద్దం మీది తమ గులాబీరంగు మచ్చలే దర్శనమిస్తున్నాయి.

తమరు వెలసిన ఊరు ఎలాంటిదో మనవి చేస్తాను. ఇక్కడ పారేది కృష్ణమ్మ. సముద్రం చూడాలంటే బందరు దాటి మంగినపూడి దాకా వెళ్లాలి. అందుచేత ఆర్వో నీటిలో ప్యాకెట్టు ఉప్పు కలిపి, సాంద్రత 1.025 దగ్గర నిలిచేదాకా కొలిచి, మే నెలలో బయట 40 డిగ్రీలు దాటుతుంటే తొట్టిలో మాత్రం 26 ఉండేటట్టు నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రం నడిపి, ఆ కరెంటు బిల్లు ఇంట్లోవాళ్ల కంటపడకుండా మడిచి దాచి, ఇంత చేసింది ఒక జత క్లౌన్ చేపలు, కొన్ని పగడాల కోసం. సొమ్మొకడిది, సోకు తమరిది.

తమకంటే ముందు వచ్చినవారి మీద నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. నీటిలోని సిలికాను ఆసరా చేసుకుని కొత్త తొట్టిలో గోధుమరంగు దుమ్ముగా పరుచుకునే డయాటమ్‌లు, మేత ఎక్కువైనప్పుడు పేరుకునే నైట్రేటు, ఫాస్ఫేటు తిని బతికే ఆకుపచ్చ పొర, వీరంతా మర్యాదస్థులు. అద్దానికి లోపలొక ముక్క, బయటొక ముక్కగా అంటుకునే అయస్కాంతపు బ్రష్షు ఒకసారి తిప్పితే సెలవు తీసుకుంటారు, పాచి మేసే టర్బో నత్తను చూసినా బెదురుతారు. తమ సంగతి వేరు. తమది ఎర్ర శైవలాల వంశం. నీటిలోంచి కాల్షియం లాక్కుని కణకణానికీ సున్నపుగోడ కట్టుకుంటారు. పగడాల కోసమని లీటరుకు 400 నుంచి 450 మిల్లీగ్రాముల కాల్షియం ఉండేటట్టు నేను పోసేదంతా తమ గృహనిర్మాణ ఖాతాలోకి పోతున్నది. కాలువగట్టు పోరంబోకులో రాత్రికి రాత్రి పునాది లేపి, తెల్లవారాక పట్టా అడిగే పెద్దమనుషులు సైతం తమ దగ్గర కొంతకాలం శిష్యరికం చేయవలసినదే.

అయినా న్యాయం న్యాయమే. అద్దం మీద గీతలకు తమరిని నిందించలేను. ఏది దేనిని గీయగలదో చెప్పే మోస్ కాఠిన్యపు కొలతలో తమ సున్నం 3 దగ్గర, గాజు 5.5 దగ్గర ఉంటాయి కనుక గాజును గీయడం తమ వల్ల కాదు. తొట్టి అడుగున పరిచే అరగొనైట్ అనే సున్నపు ఇసుక సైతం 4 దాటదు. అందులో కలిసివచ్చే క్వార్ట్జ్ రేణువు ఉన్నదే, దాని కాఠిన్యం 7, అదీ అసలు దోషి. అయస్కాంతాన్ని ఇసుక తాకేటంత కిందికి జార్చినప్పుడు, దాని మెత్త అంచున ఆవగింజలో సగం కూడా లేని ఆ రేణువు ఇరుక్కుంటుంది. చేతికి తెలియదు, కిర్రుమని సన్నని చప్పుడు మాత్రం వినిపిస్తుంది. మరునాడు లైటు ఏటవాలుగా పడ్డప్పుడు చూస్తే, అద్దం ఈ కొస నుంచి ఆ కొస దాకా వెంట్రుకంత వంకరగీత. పైగా బ్రష్షు అందని చోటు చూసుకుని ఆ గీతలోనే తమరు మళ్లీ కాపురం పెడతారు.

మా బావగారు తమ పక్షమో నా పక్షమో ఇప్పటికీ తేలలేదు. ఆదివారం భోజనానికి వచ్చి, చేయి కడుక్కున్న సింకు దగ్గరి స్టీలు పీచు పట్టుకొచ్చి, "ఇంతోటిదానికి ఇంత ఆలోచన ఎందుకోయ్, నాలుగు రుద్దులు రుద్దితే అదే పోతుంది" అన్నారు. గిన్నెలు తోమే ఆకుపచ్చ స్క్రబ్బరులో కూడా గాజును గీసే గరుకురవ్వ ఉంటుందని, అదీ పనికిరాదని మనవి చేస్తే, "మరి చింతపండు?" అన్నారు. ఆ ప్రశ్నలో సబబు లేకపోలేదు. పులుపుకు సున్నం కరుగుతుంది. పంపును బయటికి తీసి, వినిగర్ కలిపిన నీటిలో నానబెడితే తమరు బుడగలై పైకి పోతారు. చేపలున్న తొట్టిలో మాత్రం ఆ వైద్యం కుదరదు. ముందు పోయేది చేపలు.

కాబట్టి దీనిని తాఖీదుగా భావించవలెను. ఇకమీదట కొత్త బ్లేడు బిగించిన స్క్రేపర్‌తో వస్తాను. బ్లేడును అద్దం మీద దాదాపు పడుకోబెట్టి, మూల గుచ్చుకోకుండా అంచు మొత్తం సమంగా ఆనేటట్టు పట్టి, ఇసుకకు రెండు వేళ్ల ఎత్తు నుంచి పైకి నెడతాను. తమరు పెళుసు పెచ్చులుగా రాలుతారు. పని కాగానే బ్లేడును మంచినీట కడిగి తుడుస్తాను, ఉప్పుకు తుప్పుపట్టి పళ్లుదేరిన బ్లేడు కన్నా బావగారి పీచే నయం కనుక. అద్దాలను అతికించిన సిలికాన్ జోలికి బ్లేడు పోదు. అది తెగితే తొట్టి నీళ్లు కింది వాటా వారి సీలింగులో తేలతాయి. ఆ మూలల్లో పాత ఏటీఎం కార్డుతో సరిపెట్టుకుంటాను. గాజుకు బదులు అక్రిలిక్ ప్లాస్టిక్ తొట్టి పెట్టుకున్న మిత్రునికి ఉక్కు బ్లేడు ఊసే వద్దని, ప్లాస్టిక్ బ్లేడు వాడమని చెప్పాను. అక్రిలిక్ గీతపడటానికి ఒక మాట అంటే చాలు.

తమరిని పూర్తిగా వెళ్లగొట్టే ఉద్దేశం నాకు లేదు, శక్తి అంతకన్నా లేదు. వెనుక అద్దం, రాళ్లు తమ పేర పట్టా చేస్తున్నాను. తమరు పరుచుకున్న చోట పీచు పాచి అంత సులువుగా మొలవదన్న స్వార్థం కూడా ఇందులో ఉన్నది. ముందు అద్దం మాత్రం వారం వారం ఖాళీ చేయించబడును. గడువు కోరుతూ పెట్టే అర్జీలు, ఎన్నికల సంవత్సరమైనా సరే, పరిశీలించబడవు.

ఇట్లు,
తమ విధేయుడు,
ముందు అద్దం హక్కుదారు