మతిమరుపు గారికి ఒక ఉత్తరం

మహారాజశ్రీ మతిమరుపు గారికి,

ఉభయకుశలోపరి. మ్యాజిక్: ద గ్యాదరింగ్ అనే కార్డులాట టోర్నమెంట్లలో మీ రాకపోకల గురించి రాస్తున్నాం. మీరు వస్తేనే నేరమని ఎవరూ అనలేదు. 60 కార్డుల డెక్, 50 నిమిషాల రౌండు, బల్ల నిండా ట్రిగ్గర్లు, అంటే ఏదో ఒకటి జరగ్గానే పనిచేసే కార్డు ప్రభావాలు. ఒకటో రెండో జారిపోవడం మామూలే. మా గొడవల్లా ఒక్కటే: మీరెప్పుడూ లాభం ఉన్న వైపే దిగుతారేం?

రూల్‌బుక్‌లో మీకు జరిగే మర్యాద తక్కువేం కాదు. ఎవరి ట్రిగ్గర్ వాళ్లే గుర్తుపెట్టుకోవాలి. ఎదుటివాడు చూసి కూడా నోరు మూసుకోవచ్చు, అది చీటింగ్ కాదు. మనకు మేలు చేసే ట్రిగ్గర్ మర్చిపోతే పెనాల్టీ లేదు, పోయిన మేలే శిక్ష. కీడు చేసేది మర్చిపోతే వార్నింగ్. పక్కనే నిలబడ్డ జడ్జి కూడా, వార్నింగ్ ఇవ్వాల్సి ఉంటేనో, కావాలని వదిలేశారని అనుమానం వస్తేనో తప్ప కల్పించుకోడు. ఇంత స్వేచ్ఛ అత్తారింట్లో కొత్తల్లుడికి కూడా ఉండదు.

అయినా మీకు చాలదు. చాలిస్ ఆఫ్ ద వాయిడ్ అనే కార్డు సంగతే తీసుకోండి. రెండు మానా (కార్డు వెయ్యడానికి కట్టే ఖర్చు) పెట్టి, ఒక కౌంటర్‌తో దించారనుకుందాం. ఇక ఎవరు ఒక్క మానా స్పెల్ (వేసే కార్డు) వేసినా చాలిస్ ట్రిగ్గర్‌తో అది రద్దు. ఎవరు వేసినా, దించినవాళ్లతో సహా! ఎదుటివాడు చాలిస్ యజమాని మర్చిపోతాడేమోనని ఒక స్పెల్ వేసి చూడొచ్చు, అది రూల్‌కి లోబడ్డ ఆశ. అలా వేసిన ప్రతిసారీ మీరు చుట్టుపక్కల కనబడరు. స్పెల్ పేరు పూర్తికాకముందే "చాలిస్!" అని కేక వినిపిస్తుంది. ఆరో టర్న్‌లో ఎదుటివాడి లైఫ్ 3కి దిగుతుంది. అప్పుడు చాలిస్ యజమానే ఒక్క మానా స్పెల్ లైట్నింగ్ బోల్ట్ వేసి "మూడు డ్యామేజ్" అంటాడు. సరిగ్గా ఆ క్షణాన మీరు ప్రత్యక్షం!

నిజంగా మీరే వచ్చి ఉంటే వార్నింగ్‌తో పోతుంది. మీ వేషం వేసుకుని అతనే వచ్చి ఉంటే డిస్‌క్వాలిఫికేషన్. తప్పని తెలియాలి, లాభం కోసం చేసి ఉండాలి. రెండూ ఉంటేనే చీటింగ్. బల్ల మీద మాత్రం అసలు మతిమరుపూ, దొంగ మతిమరుపూ ఒకేలా కనిపిస్తాయి.

అందుకే జడ్జి ఇద్దర్నీ విడివిడిగా పక్కకు పిలుస్తాడు. "మర్చిపోయారా?" అని అడగడు, అడిగితే జవాబు నోట్లోనే ఉంటుంది. "ఈ టర్న్ మొదటి నుంచి ఏం జరిగిందో చెప్పండి" అంటాడు. "చాలిస్ ఏం చేస్తుంది?" అంటాడు. ఆ తర్వాత అసలు ప్రశ్న: "ఈ బోల్ట్ ఎన్ని టర్న్ల నుంచి చేతిలో ఉంది?" మూడు టర్న్ల నుంచి ఉంటే, అన్నాళ్లూ ఎందుకు వెయ్యలేదు? చాలిస్ ఉందనా? మరి చాలిస్ గుర్తున్నట్టేగా! అప్పుడే చేతికొచ్చిన కార్డైతే మాత్రం మీ వాదనకి కాస్త బలం. కోర్టులోలా సాక్ష్యాల మూట అక్కర్లేదు, అదే జరిగి ఉంటుందని హెడ్ జడ్జికి అనిపిస్తే చాలు.

ఇక్కడ మీ భక్తులు చేసే ఘనకార్యం ఇంకోటి ఉంది. నిజంగానే మర్చిపోయి, భయంతో "బోల్ట్ ఇప్పుడే వచ్చింది" అని అబద్ధమాడతారు. జడ్జికి అబద్ధం చెప్పడం కూడా చీటింగే. వార్నింగ్‌తో పోయేదాన్ని పట్టుబట్టి డిస్‌క్వాలిఫికేషన్ దాకా తెచ్చుకుంటారు.

ప్యాక్ట్ ఆఫ్ నెగేషన్ అనే కార్డు దగ్గర మాత్రం మీ సాయం ఎవరూ కోరరు. ఉచితంగా వేసి, తర్వాతి అప్‌కీప్‌లో (మన టర్న్ మొదట్లో, కార్డు లాగకముందు) ఐదు మానా కట్టకుండా కార్డు లాగితే ఆట పోయినట్టే. అక్కడ "మర్చిపోయాను" అన్నవాణ్ణి జడ్జి వెంటనే నమ్ముతాడు.

ఇట్లు,
మ్యాజిక్ టోర్నమెంట్ల జడ్జిలు

తా.క.: అప్‌కీప్ ట్రిగ్గర్ ఉన్నవాళ్లు డెక్ మీద ఒక డైస్ పెట్టుకుంటున్నారు. కార్డు లాగాలంటే ముందు దాన్ని తియ్యాలి కదా. దయచేసి ఆ డైస్‌ని కింద పడెయ్యకండి.