108 మెగాపిక్సెల్ టార్చిలైటు

నాన్న దగ్గర ఉన్నది నోకియా 1100. 2003లో వచ్చిన మోడల్. ప్రపంచమంతా కలిపి 25 కోట్లకు పైగా అమ్ముడైన ఆ ఫోన్‌కి తెనాలి పక్కన మా ఊళ్లో ఒక్కటే పేరు: లైటు ఫోను. మీటల మీద అంకెలు ఎప్పుడో చెరిగిపోయాయి. ఆయన వేళ్లకు గుర్తే.

మొన్న సంక్రాంతికి 108 మెగాపిక్సెల్ కెమెరా, 120 హెర్ట్జ్ తెర ఉన్న కొత్త ఫోన్ పట్టుకెళ్లాను. షాపు కుర్రాడు చెప్పినవన్నీ అప్పజెప్పాను. నాన్న పంచాంగ శ్రవణం విన్నట్టు కళ్లు మూసుకుని విని, "లైటుందా?" అన్నారు.

"ఉంది."

"రేడియో?"

ఫోన్లో ఎఫ్ఎం వినాలంటే ఇయర్‌ఫోన్ వైరే ఏరియల్. దీనికి ఆ వైరు గుచ్చే బెజ్జమే లేదు.

"మిక్సీ తిరుగుతుంటే రింగు వినబడుతుందా?" అంది అమ్మ వంటింట్లోంచి. డబ్బా అంతా తిప్పి చూశాను. ఆ సంగతొక్కటీ రాయలేదు.

హైదరాబాద్ వచ్చిన నాలుగో రోజు, రాత్రి రెండింటికి వీడియో కాల్. తెర నిండా చీకటి. కీచురాళ్ల రొద. కాసేపు నాన్న చెవి. ఆ వెంటనే దభేల్‌మని చప్పుడు.

"నాన్నా!" అని అరిచాను.

"నువ్వెప్పుడొచ్చావురా?" అంటూ ఆయన చీకట్లో నన్ను వెతుక్కుంటున్నారు.

జరిగిందేమిటంటే, కాలవ నీళ్ల వంతు మాకు అర్ధరాత్రి పడింది. తడి చేత్తో లైటు కోసం తెర తడిమారు. ఈ తెరలకు నొక్కుడుతో పనిలేదు, వేలు తగిలితే తమ మీద విద్యుత్తులో వచ్చే మార్పును పసిగడతాయి. నీటి చుక్క పడితే అదీ వేలేననుకుంటాయి. లైటు వెలగలేదు గానీ నాకు ఫోన్ కలిసింది. ఆయన బోదెలో పడ్డారు. దెబ్బలేం తగల్లేదు, ఫోన్‌కీ ఏం కాలేదు. నీళ్లకు పాడవదని షాపు కుర్రాడు చెప్పిన ఆ ఒక్క ముక్కే మాకు పనికొచ్చింది.

మళ్లీ వెళ్లేసరికి నాన్న జేబులో లైటు ఫోనే ఉంది.

"కొత్తది వాడట్లేదా?"

"ఎందుకు వాడట్లేదు? రోజూ పొద్దున్నే వాడుతున్నా. మొహం ఎంత బాగా కనిపిస్తుందో!"

సెల్ఫీలు నేర్చుకున్నారని తెగ సంబరపడ్డాను. తెల్లారి చూద్దును కదా, ఫోన్ స్విచాఫ్ చేసి, కిటికీకి ఆనించి, ఆ నల్లటి తెరలో చూసుకుంటూ గడ్డం గీసుకుంటున్నారు.