రెండు పక్కలకూ ఒకే ముఖమైన బ్రేకు అచ్చు గారికి

మహారాజశ్రీ బ్రేకు అచ్చు గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని రాయడానికి మనసొప్పడం లేదు. నిన్నటి ఆదివారం మధ్యాహ్నమంతా తమ సేవలోనే గడిచిపోయింది, నా కళ్లూ వేళ్లూ ఓపికా మూడూ అరిగిపోయాయి. తమరు మాత్రం నేను కిట్‌తో కడుతున్న బొమ్మ రైలు వ్యాన్ కింద, బూడిదరంగు ప్లాస్టిక్ చట్రానికి అతుక్కుని, తమ కవల సోదరుడికి ఎదురుగా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

బ్రిటిష్ రైల్వేస్ వారి 12 టన్నుల గూడ్స్ వ్యాన్, అడుగుకు 4 మిల్లీమీటర్ల స్కేలులో, 'కచ్చితమైన అండర్‌ఫ్రేమ్ (కింది చట్రం) వివరాలతో' అని కిట్ పెట్టె మూత మీద ముద్రించి ఉంది. పైభాగం గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. పలకల సందులు, తలుపు బందులు, రివెట్ల వరుసలు భూతద్దంలో చూసినా వంక పెట్టలేనట్టు వచ్చాయి. వ్యాన్‌ను వెల్లకిలా తిప్పాక మాత్రం పైన పటారం, లోన లొటారం అన్నట్టుంది. ఆ లొటారానికి అధిపతులు తమరే.

సూచనల కాగితంలో తమ గురించి ఉన్నది రెండే వాక్యాలు. బ్రేకు భాగాన్ని ఒక పక్క అతికించాలట. రెండో పక్క కూడా ఇలాగే అతికించాలట. ఆ 'ఇలాగే' అన్నది చదివినప్పటి నుంచి నాకు మనశ్శాంతి లేదు.

వ్యాన్ కింద అసలు ఏం జరుగుతుందో తమకు ఎవరూ చెప్పినట్టు లేదు కనుక సవినయంగా మనవి చేసుకుంటున్నాను. నాలుగు షూల, అంటే చక్రాన్ని అదిమి ఆపే నాలుగు దిమ్మల, మోర్టన్ రకం బ్రేకులో వ్యాన్ నడిమధ్యన ఈ పక్క నుంచి ఆ పక్కకు అడ్డంగా ఒకే ఒక షాఫ్టు ఉంటుంది. దాన్ని రెండు పక్కలా వి-హ్యాంగర్లు, అంటే 'V' ఆకారపు బ్రాకెట్లు, మోస్తాయి. షాఫ్టుకు బిగించిన పొట్టి అడ్డచేతికి పైకొసన ఒక తోపుడు కడ్డీ, కిందికొసన మరొక కడ్డీ తగిలించి ఉంటాయి. షాఫ్టు తిరిగినప్పుడు పైకొస ఒక దిక్కుకూ కిందికొస ఎదురు దిక్కుకూ జరిగి, ఆ కడ్డీలు షూలను చెరొక చక్రం మీదికి నెడతాయి. షాఫ్టు ఒకటే కాబట్టి, ఈ పక్క నిలబడినవాడికి అది గడియారం ముల్లు తిరిగే దిశలో తిరుగుతున్నట్టు కనిపిస్తే, ఆ పక్క నిలబడినవాడికి దానికి ఎదురు దిశలో తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. అందుచేత ఈ పక్క నుంచి చూసినప్పుడు పైకొస కడ్డీ ఎడమ చక్రానికి వెళుతుంటే, ఆ పక్క నుంచి చూసినప్పుడు అది కుడి చక్రానికి వెళ్లి తీరాలి. ఇందులో అభిప్రాయభేదాలకు తావు లేదు, ఇది ఇనుము.

తమరు రెండు పక్కలా పైకొస కడ్డీని ఎడమ చక్రానికే పంపారు. దీని ఫలితం ఆలోచించారా? షంటర్ (యార్డులో వ్యాగన్లు అటూ ఇటూ మార్చే పనివాడు) వచ్చి బ్రేకు లీవరు నొక్కగానే ఈ పక్క షూలు చక్రాలను పట్టుకుంటాయి, ఆ పక్క షూలు చక్రాలను వదిలి వెనక్కి పోతాయి.

కథ ఇంతటితో ముగిసినా సరిపెట్టుకునేవాణ్ణి. బ్రిటన్‌లో బోర్డ్ ఆఫ్ ట్రేడ్ అనే ప్రభుత్వ శాఖ వారు 1911లో నిబంధనలు చేసి, పనివాళ్లు వ్యాగన్ల కింద దూరి అవతలికి వెళ్లే అవసరం లేకుండా ఏ పక్క నుంచైనా బ్రేకు వేయగలగాలనీ, ఎటు నుంచి చూసినా లీవరు పిడి కుడిచేతి వైపే ఉండాలనీ కట్టడి చేశారు.  రెండు పక్కలా కుడివైపే ఉన్న లీవర్లను కిందికి నొక్కితే, ఒకటి షాఫ్టును బిగించే దిశలోనూ, మరొకటి వదిలే దిశలోనూ తిప్పుతాయి. ఆ తగవు తీర్చడానికే ఒక పక్క, ఒక్క పక్క మాత్రమే, దిశను తిరగేసే మోర్టన్ క్లచ్ ఉంటుంది. తమరు ఉదారంగా ఆ క్లచ్‌ను రెండు పక్కలా ప్రసాదించారు. కాబట్టి తమ వ్యాన్‌లో ఎవరి లీవరు వాళ్లు నొక్కితే వాళ్ల పక్క బిగుస్తుంది, అవతలివాళ్ల పక్క ఊడుతుంది. ఇద్దరు షంటర్లు చెరోపక్క నిలబడి సాయంత్రం దాకా పంతం పట్టవచ్చు.

విజయవాడ యార్డులో జీవితమంతా వ్యాగన్లు పరీక్షించి రిటైరైన మా మేనమామకు వీడియో కాల్‌లో తమ దర్శనం చేయించాను. కళ్లజోడు సర్దుకుని, వ్యాన్‌ను అటొకసారి ఇటొకసారి తిప్పించి చూసి, "ఏరా అల్లుడూ, ఇది బండిని ఆపే బ్రేకా, తోసే బ్రేకా?" అన్నాడు. ఆయన అడిగింది తమరినే, జవాబు చెప్పుకోండి.

తమ మిగతా లీలలను విస్తరించను. షూలు చక్రాల అంచుల మీద కాకుండా బయటి ముఖాల పక్కన గాలిలో వేలాడుతున్నాయి. ఈ స్కేలులో పట్టాల ఎడం 18.83 మిల్లీమీటర్లు కావలసి ఉండగా, అందరం అలవాటుపడిన 16.5 మీదే చక్రాలను నిలబెడుతున్నాం కనుక ఆ పాపంలో తమకు సగం వాటాయే వేస్తాను. బ్రేకును లాగవలసిన వ్యాక్యూమ్ సిలిండరు దేనికీ అందని కడ్డీని పట్టుకుని కూర్చుంది. కడ్డీ తెగితే పట్టాల మీద పడకుండా ఆపవలసిన సేఫ్టీ లూపుల జాడే లేదు. లోపలి వి-హ్యాంగరు కూడా లేదు. ఉన్న బయటి హ్యాంగరు మందం చూస్తే వంతెనకు దూలంగా వేయవచ్చు.

ఇక ఆ పాత మాట ఒకటుంది, కింద ఎవరు చూస్తారని. బల్ల అంచున కన్ను పెట్టి, వ్యాన్ వెనక వెలుతురు ఉన్నప్పుడు సోల్‌బార్ (వ్యాన్ పక్కన పొడుగునా ఉండే దూలం) కిందుగా చూడు, చక్రానికీ చక్రానికీ మధ్య కనిపించేది నువ్వే. రెండు పక్కలా కడ్డీలు ఒకే గీతలో పడవలసినచోట కత్తెర వేసినట్టు కనిపిస్తావు. ఎవరూ చూడరనుకుంటే నిన్ను అచ్చే పోయనక్కరలేదు, ఖాళీగా వదిలేస్తే నేనే ఇత్తడి తీగతో కట్టుకునేవాణ్ణి. పోసి, తప్పుగా పోసి, పెట్టె మీద 'కచ్చితమైన' అని కొట్టించి, డబ్బు తీసుకుని, పైగా 'ఇలాగే' అంటావా? ఆ ముక్క రాసినవాడు జన్మలో ఒక్కసారైనా వ్యాగన్ కిందికి తొంగి చూశాడా?

నిన్న ఏం చేశానో విను. నీ సోదరుడి కడ్డీలు రెండింటినీ షూల మొదట్లోనూ అడ్డచేతి దగ్గరా సన్నరంపంతో కోశాను. లీవరు మొదట్లో ఉన్న క్లచ్ బొడిపెను బ్లేడుతో చెక్కేశాను. 0.45 మిల్లీమీటర్ల ఇత్తడి తీగను పైకొస నుంచి కుడి షూకూ, కిందికొస నుంచి ఎడమ షూకూ అతికించాను. కుడి పక్క జిగురు ఆరేలోపు ఎడమ పక్క ఊడింది, ఎడమ పక్క పట్టుకుంటే షూయే విరిగింది. చివరికి నిలబెట్టాక, ఇందాకటి కోపంలోనే రెండు పక్కలూ పోల్చి చూద్దామని వ్యాన్‌ను తిప్పాను. కోయని పక్క, అంటే నువ్వు, కొలతకు కొలత సరిపోయావు. కడ్డీల వాలు, లీవరు వంపు, ఆఖరికి లీవరును ఆపే పళ్లపట్టీ కూడా అసలు వ్యాన్ ఫొటోలో ఉన్నట్టే ఉన్నాయి. నిన్ను చెక్కినవాడెవరో పనిమంతుడే. ఒక పక్క ఇంత బాగా చెక్కి, రెండో పక్కకు వచ్చేసరికి అదే అచ్చును మళ్లీ పోయమన్నవాడి మీదే నా కోపమంతా.

కనుక ఆ వారికి నా తరఫున ఒక్క విన్నపం అందజేయి. రెండో అచ్చుకు డబ్బు చాలకపోతే మానేయమను, ఆ కాగితంలో 'ఇలాగే' కొట్టేసి 'రెండో పక్క కడ్డీలు కోసి, పైది కుడికీ కిందిది ఎడమకూ తిప్పి అతికించండి, క్లచ్ తీసేయండి' అని వేయమను. పెట్టె మీద 'ఒక పక్క కచ్చితమైన' అని వేసినా నాకు అభ్యంతరం లేదు.

ఇట్లు,
సన్నరంపం చేతిలో ఉన్న తమ విధేయుడు

తా.క. అల్మారాలో ఇదే కిట్లు ఇంకా ఉన్నాయి. సగంమంది సోదరులను సిద్ధంగా ఉండమని చెప్పు.