కొండ గింజ కొండకే

తిరుమల కొండల మీద ఆస్ట్రేలియా తుమ్మను, అంటే అకేషియాను, తొలగించి దేశీయ చెట్లు పెంచాలన్న మాట కొన్నేళ్లుగా వినబడుతోంది. దశలవారీగా ఆ పని చేస్తామని టీటీడీ కూడా ప్రకటించింది. ఆలోచన మంచిదే. చిక్కల్లా ఆ దేశీయ చెట్ల జాబితాతోనే. ఆ మాట వినగానే అధికారులకూ దాతలకూ ముందు గుర్తొచ్చేవి వేప, రావి, మర్రి, కానుగ. ఏ ఊరి బడి ఆవరణలోనైనా నాటుకునే చెట్లివి. వీటి కోసం శేషాచలం దాకా ఎక్కనక్కర్లేదు.

2010లో 4,756 చదరపు కిలోమీటర్ల శేషాచలాన్ని బయోస్ఫియర్ రిజర్వుగా, అంటే జీవజాలాన్ని కాపాడే ప్రాంతంగా ప్రకటించారు. అక్కడ పచ్చదనం దట్టంగా ఉందని కాదు. వేసవిలో ఆ కొండలు చూస్తే పచ్చదనం అన్న మాటే నోట రాదు. ఎర్రటి క్వార్ట్‌జైట్ బండలు, వాటి సందుల్లో పిడికెడు మట్టి, ఆకు రాల్చిన చెట్లు కనబడతాయి. ఆ పిడికెడు మట్టిలోనే ఎర్రచందనం పుడుతుంది. తంబజాలారి, తెల్లకరక, మొగినేరేడు, కొండ సాంబ్రాణి కూడా అలాంటివే. తూర్పు కనుమల దక్షిణ భాగం దాటితే ఇవి సహజంగా పెరిగే చోటు దాదాపు లేదు. కొండ సాంబ్రాణినైతే శాస్త్రవేత్తలు 1961లో గానీ ఒక కొత్త జాతిగా వర్ణించలేదు.

ఈ కొండల్లోనే పెరిగే పేరిత అనే మొక్క కథ వేరు. చూడటానికి పొట్టి ఈతచెట్టులా ఉంటుంది, కానీ ఈత కుటుంబానికీ దీనికీ సంబంధం లేదు. భూమి మీద పూలు పుట్టకముందే ఉన్న వంశం ఇది. మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. మగ మొక్క నడినెత్తిన పుప్పొడి నిండిన పెద్ద కంకి వేస్తుంది. సత్తువ మందు పేరుతో నాటు వైద్యానికి కోసుకుపోయేది ఆ కంకినే. కంకి కోసినా మొక్క చావదు. పక్కనున్న ఆడ మొక్క జోలికీ ఎవరూ పోరు. చూసినవాడికి అంతా క్షేమంగానే కనిపిస్తుంది. పుప్పొడి అందని ఆడ మొక్కకు మాత్రం ఆ ఏడు గింజ పట్టదు. అడవిలో మంట లేచినా మాడిన మొండెం మీద మళ్లీ ఆకులు తొడుగుతుంది పేరిత. నిప్పుకు తట్టుకునే ఈ మొక్క కొడవలికి తట్టుకోలేకపోతోంది. అంతరించే ప్రమాదమున్న మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం మొదటి అనుబంధంలో చేర్చి దీని అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేశారు. కొండ మీద కంకి కోసే చేతిని ఆ కాగితం ఆపలేదు.

ఇలాంటి మొక్కను టెండరు పిలిచి కొనుక్కు రాలేం. మైదానంలోని నర్సరీల్లో ఎర్రచందనం మొక్కలు దొరకవచ్చు, పేరిత, తంబజాలారి దొరకవు. దొరికిన ఎర్రచందనమైనా ఏ చెట్టు గింజో ఎవరికీ తెలియదు. అందుకే కొండ మీదే, ఆ వాలు గింజలతోనే నారు పెంచే తోట కావాలి. అది అనుకున్నంత తేలిక కాదు. ఎర్రచందనం కాయ చుట్టూ పల్చటి రెక్క, నడుమ గట్టి పెంకు. నానబెట్టకుండా వేస్తే మొలిచేవి కొన్నే. జాలారి జాతి ఇందుకు పూర్తిగా భిన్నం. దాని గింజను నిల్వ ఉంచలేం. రాలిన కొద్ది రోజుల్లోనే మొలకశక్తి పోతుంది. అంటే గింజ రాలేనాటికి మడి సిద్ధంగా ఉండాలి, ఏరే మనిషి చెట్టు కింద ఉండాలి. మన ప్రభుత్వ శాఖల్లో నిధులు విడుదలయ్యే వేళకు ఆ గింజ ఎప్పుడో ఎండిపోయి ఉంటుంది. నా మట్టుకు అసలు అడ్డంకి అకేషియా కన్నా ఈ క్యాలెండరే.

అకేషియాను తిట్టడం ఈ మధ్య ఫ్యాషనైంది గనుక దాని తరఫున ఒక మాట. బోడిగా మారిన వాలు మీద త్వరగా నీడ పరచడానికే దాన్ని తెచ్చారు. ఆ పని అది చేసింది. గాలిలోని నత్రజనిని నేలకు పట్టించే గుణమూ దానికుంది. కానీ తోలులా మందమైన దాని ఆకు రాలితే త్వరగా కుళ్లదు. మెత్తలా పేరుకుని, చిన్న గింజ మట్టిని తాకే దారి మూసేస్తుంది. ఎండాకాలంలో ఆ మెత్తే నిప్పుకు మేత. 2014 మార్చిలో శేషాచలం అంటుకున్నప్పుడు వాయుసేన హెలికాప్టర్లు నీళ్లు చల్లాల్సి వచ్చింది. అప్పటి మంటలకు కారణం అకేషియా అని నేననను. ఆ కొండకు నిప్పు ఎంత దగ్గరో చెబుతున్నానంతే. అలాగని ఒక్కసారిగా నరికేస్తే వానకు మిగిలిన మట్టీ కొట్టుకుపోతుంది. అక్కడక్కడా చిన్న ఖాళీలు చేసి, ఆ వెలుగులో కొండ మొక్కలు నాటి, అవి నిలదొక్కుకున్నాక పక్క చెట్టు తీయాలి. ఏళ్లు పట్టే పని. ప్రారంభోత్సవ ఫొటోకు ఒదగదు.

తిరుమలకు తోటపని కొత్తేమీ కాదు. రామానుజుల ఆజ్ఞతో అనంతాళ్వారు పూలతోట వేసి, దానికి చెరువు తవ్వాడని చెప్పుకుంటాం. ఆయన గునపాన్ని ఆలయ మహాద్వారం దగ్గర ఇప్పటికీ చూపిస్తారు. కొండ మీద పూసిన పువ్వంతా స్వామికే గనుక భక్తులు తలలో పూలు పెట్టుకోకూడదన్న నియమమూ ఉంది. ఒక్కో పువ్వుకు ఇంత లెక్క ఉన్న చోట అడవి మొక్కకు కనీస లెక్క అడగడం అత్యాశ కాదు. నారుకు గింజ ఏ వాలు నుంచి వచ్చింది, ఎవరు ఏరారు, నాటిన మూడో వేసవికి ఎన్ని బతికాయి అన్న ఆ మూడూ రాసి ఉంచితే చాలు.

గింజ ఏరే పని ఎవరికివ్వాలో వెతకక్కర్లేదు. ఈ కొండల చుట్టూ తరాలుగా బతుకుతున్న యానాదులకు ఏ చెట్టు ఎప్పుడు కాస్తుందో ఏ అధికారికన్నా బాగా తెలుసు. అటవీ చట్టాల పుణ్యమా అని వారి అడవి నడక చాలా చోట్ల నేరంగా మారింది. మొగిపళ్లు, తేనె, మూలికలు తెచ్చే మనిషినీ దుంగలు మోసే ముఠానీ ఒకే గాటన కట్టేశాం. కంకి కోస్తే ఒక్కసారి వచ్చే డబ్బు కన్నా, దాన్ని వదిలేసి ఆడ మొక్క గింజ తెచ్చిస్తే వచ్చే కూలి ఎక్కువగా ఉండాలి. నాటిన మొక్కల సంఖ్యకు బిల్లు చెల్లించే పద్ధతి మార్చి, బతికిన మొక్కకు చెల్లిస్తే ఆ కూలికి డబ్బు అక్కడే మిగులుతుంది.