నా దగ్గు గారికి, బరంపురం నుంచి

దగ్గు గారూ,

మీరు సిరప్పులకి లొంగే రకం కాదని నాకెప్పుడో తెలుసు. చలికి రారు, దుమ్ముకి రారు, పిల్లాడు ఒంటి గురించి ఏదైనా అడగబోతే మాత్రం ఠంచనుగా గొంతులోకి దిగిపోతారు. మా నాన్నకీ ఉండేవారు మీరు. ఆయన ఆస్తిలో తగాదా లేకుండా నాకు దక్కింది మీరొక్కరే.

మొన్న పొద్దున్నే అయిదింటికి పెరట్లో నీళ్ల చప్పుడైతే వెళ్లి చూశాను. తిన్న కంచం తియ్యని మా తొమ్మిదో క్లాసు వాడు పంపు కింద పక్క దుప్పటి ఉతుకుతున్నాడు, అదీ మొత్తం కాదు, మధ్యలో అరచెయ్యంత మేర. "నాన్నా, నాకేమైనా జబ్బా?" అన్నాడు. ఈ వయసులో నిద్రలో వీర్యం పోవడం మామూలేరా, జబ్బూ కాదు, దీనివల్ల నీరసమూ రాదు అనడానికి అర నిమిషం చాలు. ఈలోగా మీరొచ్చారు. ఖళ్లు ఖళ్లుమంటూ నేను, తల వంచుకుని వాడు.

జబ్బని వాడికి చెప్పిందెవరో సాయంత్రం తెలిసింది. రైలు పట్టాల పక్క గోడ మీద ఒడియాలో ఉంటుంది చూడండి, గుప్తరోగాలు, స్వప్నదోషం, గ్యారంటీ వైద్యం అని. పేరులోనే దోషం పెట్టేశాక పిల్లాడు భయపడడా! ఆ గోడకి లేని సిగ్గు నాకెందుకో. స్కూల్లో ప్రజనన పాఠం ఒడియాలో, వీధిలో బూతులు రెండు భాషల్లో, ఇంట్లో తెలుగులో మాత్రం మీరు.

జూన్‌లో రజ పండగొస్తే భూదేవి ముట్టయిందని మూడు రోజులు నాగలి కట్టరు, ఆడపిల్లలు ఉయ్యాలలూగుతారు, మేమూ పోడ పిఠా అనే కాల్చిన తీపి రొట్టె లాగిస్తాం. అదే మాట మా అమ్మాయి నోట వస్తే మళ్లీ మీరే.

10 నుంచి 19 ఏళ్ల పిల్లల ఆరోగ్యం కోసం కేంద్రం 2014లో ఒక కార్యక్రమం పెట్టింది, ఒడిశా సర్కారు ఆస్పత్రుల్లో శ్రద్ధా క్లినిక్కులు ఉన్నదీ ఇలాంటివి అడగడానికే. బీపీ మాత్రలకని ఆ బోర్డు కిందనుంచే ఎన్నిసార్లు వెళ్లానో!

ఆదివారం వాణ్ని స్కూటర్ మీద గోపాలపూర్ తీసుకెళ్లాను. వెనక కూర్చుంటాడు, మొహాలు కనబడవు కదా. సగం దారిలో దుప్పటి సంగతి ఎత్తాను. కాసేపాగి, "మరి అందరికీ అవుతుందా?" అన్నాడు. మీరు రానే వచ్చారు, హెల్మెట్ అద్దమంతా మసకబారింది. అద్దం పైకి తోసి, "నాకూ అయ్యేదిరా" అన్నాను.